"మావా" అనే పిలుపు ఏడేళ్ల పాప నోట పాడించవచ్చా?

పటమట, విజయవాడ నుంచి, రెండో తరగతి పాప అమ్మ:

అందరికీ నమస్కారం. నాది భాషకి సంబంధించిన సందేహమే. ఇంట్లో మాటామాటా పెరిగే దాకా వచ్చింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

వచ్చే నెల మా పాప స్కూలు యానివర్సరీ. ఎనిమిది మంది ఆడపిల్లలతో ఒక సినిమా పాటకి డాన్స్ చేయిస్తున్నారు. పాట పేరు రాయను, నా ప్రశ్న అందులో ఒక మాట గురించే. పల్లవిలో ప్రతి లైను చివరా "మావా" అని వస్తుంది. పది రోజులుగా పాప నోట అదే పాట. పొద్దున పళ్లు తోముకుంటూ కూడా ఆపదు. మొన్న ఆదివారం మా అత్తగారు విని, "ఆ మాటేంటే ఆ నోట" అని గట్టిగా కోప్పడ్డారు. పాప బెదిరిపోయి, "నాన్నమ్మా, మావా అంటే బూతా?" అని అడిగింది. ఎవరమూ జవాబు చెప్పలేదు. మా ఆయన, "వాళ్ల మావయ్యని రోజూ ఫోన్లో మావయ్యా అనే పిలుస్తుంది కదమ్మా, అది తప్పు కానప్పుడు ఇదెలా తప్పవుతుంది?" అన్నారు. అత్తగారికి ఆ మాట నచ్చలేదు.

నాకేమో పాప మొహమే గుర్తొస్తోంది. తప్పు మాటలో ఉందా, పాటలో ఉందా? పిల్లలకి ఒక పాట పనికొస్తుందో లేదో మాటల్ని బట్టి చెప్పగలమా?

బ్రాడీపేట, గుంటూరు నుంచి, రిటైరైన తెలుగు టీచరు:

అమ్మా, ముందు పాపని దగ్గర కూర్చోబెట్టుకుని మావ అనేది బూతు కాదని చెప్పండి. ఇది ఆలస్యం చేయకూడని పని. రేపు వాళ్ల మావయ్య ఇంటికొస్తే పిలవడానికి పిల్ల జంకకూడదు.

మనవాళ్లు పిల్లలకి అన్నం తినిపిస్తూ డాబా మీద చూపించేది ఎవర్ని? చందమామని. పాలసముద్రంలో లక్ష్మీదేవితో పాటు చంద్రుడూ పుట్టాడు, లక్ష్మి మనందరికీ అమ్మ, కాబట్టి అమ్మ తోబుట్టువు మనకి మేనమామ అని పెద్దలు చెబుతారు. అన్నమయ్య కూడా "చందమామ రావో జాబిల్లి రావో" అనే పిలిచాడు. మన తెనాలి చక్రపాణి గారు, నాగిరెడ్డి గారు కలిసి 1947 జూలైలో పిల్లల పత్రిక మొదలుపెడితే దానికీ ఆ పేరే పెట్టారు. పిల్లల లోకంలో ఇంత పాత మాట ఇంకొకటి వెతకాలి.

మామ, మావ ఒకటే మాట. మన కృష్ణా, గుంటూరు వైపు రెండు అచ్చుల మధ్య మకారాన్ని కొంచెం ముక్కుతో వకారంలా పలుకుతాం. మామిడి మావిడి అయినట్టు, పాము పావు అయినట్టు మామ మావ అయింది. కాబట్టి మామ మర్యాద, మావ మొరటు అనుకోవడానికి ఏమీ లేదు.

చిక్కంతా ఆ మాట ఎవరెవరికి చెందుతుందన్న దగ్గర ఉంది. అమ్మ తోబుట్టువు మామ. మేనత్త భర్త మామ. పెళ్లయ్యాక మొగుడి తండ్రీ మామే, పెళ్లాం తండ్రీ మామే. ఇంతమందికి ఒకే పిలుపు ఉండటానికి కారణం మేనరికం. మేనమామ కూతుర్ని చేసుకుంటే ఆయనే పిల్లనిచ్చిన మామ అవుతాడు. అక్క కూతుర్ని చేసుకునే ఆచారం కూడా మన దగ్గర ఉంది. అప్పుడు చిన్నప్పటి నుంచి మావా అని పిలిచినవాడే మొగుడవుతాడు, పిలుపు మాత్రం మారదు. 1955 హిందూ వివాహ చట్టం మేనమామ, మేనకోడలు పెళ్లిని కూడని సంబంధాల్లో పెట్టి, ఆచారం ఉన్నవాళ్లకి మినహాయింపు ఇచ్చింది. అంటే అది చట్టం కూడా లెక్కలోకి తీసుకోవాల్సినంత గట్టి ఆచారం. ఊళ్లలో భార్య భర్తని మావా అనడం అక్కణ్ణుంచి వచ్చిందేనని నా అభిప్రాయం. సినిమా పాటలోకి ఎక్కువగా వచ్చింది ఈ మావ.

ఒళ్లో కూర్చోబెట్టుకుని చెవులు కుట్టించే మావ ఒకరు, ఆలుమగల మధ్య మావ ఇంకొకరు. మీ ఆయన మొదటి మాట విన్నారు, మీ అత్తగారు రెండోది విన్నారు. ఇద్దరిలో ఎవరి చెవీ తప్పు కాదు.

గుంటూరు నుంచి, బీటెక్ చదివే కుర్రాడు:

మాస్టారూ, మూడో మావ కూడా ఉన్నాడండీ. మా క్లాసులో అందరం "ఏరా మావా, తిన్నావా" అనే పిలుచుకుంటాం. మాకది ఫ్రెండ్ అనే. చిన్నప్పుడు మేం కూడా స్కూల్లో ఇలాంటి పాటలకే డాన్స్ చేశాం. అప్పుడు అర్థమే తెలియదు. పిల్లలకి అర్థం కాని దాన్ని మనమే విడమరిచి టెన్షన్ పడుతున్నామేమో అనిపిస్తోంది.

బ్రాడీపేట టీచరు:

బాబూ, ఆ మూడో మావ సంగతి రాయడం మర్చిపోయాను, నువ్వు గుర్తుచేశావు. వరసకి బావామరుదులైన వాళ్ల మధ్య ఉండే వేళాకోళం, చనువు ఆ పిలుపులో స్నేహితులకి వచ్చాయనుకుంటాను.

"పిల్లలకి అర్థం కాదు కదా" అన్న మాట దగ్గర మాత్రం నేను నీతో కలవలేను. ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పాను, ఈ మాట ప్రతి యానివర్సరీకీ విన్నాను. పాటకి ఇద్దరు కావాలి, పాడేవాళ్లు, వినేవాళ్లు. పాడే పిల్లకి అర్థం కాకపోవచ్చు, ఎదురుగా కూర్చున్న మూడు వందల మంది పెద్దవాళ్లకి అర్థమవుతుంది. వాళ్లలో కొందరు నవ్వుతారు, ఈల వేస్తారు. ఎందుకు నవ్వారో పిల్లకి తెలియదు. ఇలా ఊపితే మెచ్చుకుంటారని మాత్రం తెలుస్తుంది. అదీ ఒక అర్థమే. నిఘంటువులో లేని అర్థాన్ని పిల్ల అక్కడ నేర్చుకుంటుంది.

నేను క్లాసులో ఏ పద్యం తీసుకున్నా పిల్లల్ని మొదట ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. ఇందులో "నేను" ఎవరు, "నువ్వు" ఎవరు? భాగవతంలో అయినా, పాఠం చివర శతక పద్యంలో అయినా ఇదే ప్రశ్న. సినిమా పాటకీ అదే అడగండి. పాట పాడేవాళ్లు ఆ కాసేపూ పాటలోని "నేను" అవుతారు. కథ చదివేటప్పుడు అలా కాదు, రాముడన్నాడు, సీతన్నది అని దూరంగా నిలబడతాం. పాటలో ఆ దూరం ఉండదు. "నేను" అన్నచోట మీ పాపని నిలబెట్టి, "నువ్వు" అన్నచోట ఎదురుగా ఉన్న పెద్దవాళ్లని పెట్టి, పాటని మామూలు మాటల్లా ఒకసారి చదవండి. మన గొంతు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ ఆ పాట ఆ పిల్లది కాదని తెలిసిపోతుంది.

ఇంకో మాట. అశ్లీలం అంటే బూతు మాట ఉండటం అనే అనుకుంటాం. శ్రీ లేనిది, అంటే శోభ లేనిది, అశ్రీలం. రేఫ, అంటే ర, లకారమై అశ్లీలం అయింది. మన అలంకారశాస్త్రం వాళ్లు దీన్ని కావ్యదోషంగా చెప్పి, సిగ్గు కలిగించేది, రోత పుట్టించేది, అమంగళం తోపించేది అని మూడుగా విడదీశారు. ఆ విభజన చేసింది వినేవాడి మనసులో కలిగే దాన్ని బట్టి. మాటల జాబితా రాసిపెట్టి అందులో ఉంటే తప్పు, లేకపోతే ఒప్పు అనలేదు.

ఇదే పద్ధతిలో చూస్తే, వినడానికి మొరటుగా ఉండి పిల్లలకి ఏ హానీ చేయని పాటలు కనిపిస్తాయి. "బావా బావా పన్నీరు, బావను పట్టుకు తన్నేరు, వీధీ వీధీ తిప్పేరు, వీసెడు గంధం పూసేరు" అని మనం పాడుకోలేదా? అందులో వరస ఉంది, తన్నడం కూడా ఉంది. కానీ పాడే "నేను" అల్లరి పిల్లే. వీసెడు గంధం పూసుకుని వీధిలో తిరిగే బావని తలుచుకుని పిల్లలు పడీ పడీ నవ్వుతారు. ఆ నవ్వు వాళ్ల వయసుదే.

సత్యనారాయణపురం, విజయవాడ నుంచి, కూచిపూడి నాట్యం నేర్పే టీచరు:

మాస్టారూ, "నేను ఎవరు" అన్న మాట మా దగ్గర రోజూ ఎదురయ్యేదే. క్షేత్రయ్య ఊరు మువ్వ, కూచిపూడికి దగ్గరే. పదిహేడో శతాబ్దంలో ఆయన రాసిన పదాల్లో, అంటే శృంగార పాటల్లో, నాయిక మువ్వగోపాలుణ్ణి పిలిచే తీరు, దెప్పే తీరు చదువుతుంటే ఇంత నాజూకైన తెలుగు ఉందా అనిపిస్తుంది. అయినా నా దగ్గరికొచ్చే ఎనిమిదేళ్ల పిల్లకి నేను పదం నేర్పను. అడవులు అంటే నాట్యంలో మొదటి అడుగులు, జతులు అంటే తాళానికి పలికే అక్షరాల వరసలు, చిన్న చిన్న కీర్తనలు నేర్పుతాను. పదం అభినయించాలంటే ఆ నాయిక విరహం కొంతైనా లోపల తెలియాలి. మా గురువుగారు నాకు పదిహేనేళ్లు దాటాకే మొదలుపెట్టారు. మాట ఎంత అందమైనదైనా, అది పలికే వయసు రావాలి కదా.

అమ్మా, మీరు మాట ఒక్కటే చూడొద్దు, ఆ మాట మీద ఏ స్టెప్ పెట్టారో కూడా చూడండి. "మావా" అన్నప్పుడు పిల్ల చెయ్యి చాచి పిలిస్తే ఒక అర్థం. అదే చోట నడుము తిప్పి, పెదవి కొరికి, కన్ను కొడితే ఇంకో అర్థం. పెద్దవాళ్ల స్టెప్పులు యథాతథంగా పిల్లల చేత వేయించొద్దని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ చానళ్లకి సూచన పంపింది. చిన్న పిల్లల డాన్స్ షోలు చూసి బాధపడే పంపించి ఉంటారు. స్కూలు స్టేజీకి అలాంటి సూచన ఎవరో పంపేదాకా ఎందుకు ఆగాలి?

మొగల్రాజపురం నుంచి, ఇద్దరు పిల్లల తండ్రి:

సినిమాకిచ్చే సెన్సార్ సర్టిఫికెట్ చూసి నిర్ణయించుకోవచ్చని కొన్నాళ్లు అనుకున్నాను. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం మార్చాక పిల్లలు పెద్దవాళ్ల సలహాతో చూడాల్సిన సినిమాలకిచ్చే యూఏని 7, 13, 16 ఏళ్లు అని విడదీశారు, మంచిదే. కానీ అది మొత్తం సినిమాకి ఇచ్చేది. పాట సినిమా కంటే ముందే ఫోన్లోకి వచ్చేస్తుంది. అమెరికాలో 1985లో తల్లిదండ్రుల ఒత్తిడితో మ్యూజిక్ కంపెనీలు ఆల్బమ్‌ల మీద హెచ్చరిక వేయడానికి ఒప్పుకున్నాయి. ఇప్పుడు యాప్‌లలో పాట పక్కన కనిపించే ఇంగ్లీషు "E" అక్షరం (ఎక్స్‌ప్లిసిట్, అంటే పచ్చి మాటలున్నాయని) ఆ దారిలోదే. బూతులు నేరుగా ఉంటే అది పనిచేస్తుంది. మన పాటల్లో డబుల్ మీనింగ్‌కి నేను విన్నంతలో ఆ గుర్తు కనపడలేదు. పైకి చూస్తే అన్నీ ఇంట్లో వాడే మాటలే కదా.

నేను చేసే పని ఒకటే. పాట మొత్తం, ముఖ్యంగా రెండో చరణం, కాగితం మీద చదువుతాను. పల్లవి అందరికీ తెలుసు, రెండో చరణం దాకా ఎవరూ వినరు.

పటమట, పాప అమ్మ:

మాస్టారూ, టీచరుగారూ, అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి పాప పడుకున్నాక పాట మొత్తం విని కాగితం మీద రాసుకున్నాను. మా అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. పల్లవిలో ఆ అమ్మాయి తిరనాళ్లకి తీసుకెళ్లి గాజులు కొనిపెట్టమంటోంది. అక్కడ పాపని నిలబెట్టి చదివితే ఏమీ అనిపించలేదు. మా తమ్ముణ్ణి రోజూ ఏదో ఒకటి కొనిపెట్టమని అడుగుతూనే ఉంటుంది. మొదటి చరణం కూడా అలాగే నడిచింది. రెండో చరణంలో రాత్రి, తలుపు గడియ, ఇంట్లో ఎవరూ లేరు అనే మాటలు వచ్చాయి. పైకి చదవబోతే నాకు గొంతు పెగల్లేదు. బూతు మాట ఒక్కటీ లేదు. కానీ "నేను" అన్నచోట నా ఏడేళ్ల కూతురు ఉంది. అత్తగారు కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచేశారు, ఏమీ అనలేదు.

పొద్దున ఆవిడే పాపని దగ్గరికి తీసుకుని, "మావ మంచి మాటే తల్లీ, నిన్ను ఊరికే కోప్పడ్డాను. ఆ పాటలో పిలిచేది పెళ్లయినావిడ, వాళ్లాయన్ని. నువ్వు పిలిచేది మీ మావయ్యని" అని చెప్పారు. పాప కాసేపు ఆలోచించి, "అయితే చందమామ ఎవరికి మావ?" అంది. "అందరికీ" అన్నారు అత్తగారు.

శనివారం స్కూలుకి వెళ్తున్నాను. పాట మార్చమని అడుగుతాను. పిల్లలు పది రోజులుగా కష్టపడ్డారు కాబట్టి కుదరకపోతే పల్లవి, మొదటి చరణం ఉంచి మిగతాది తీసేయమని, ఆ నడుము స్టెప్పు మార్చమని అడుగుతాను. మిగతా ఏడుగురు పిల్లల అమ్మలకీ ఆ కాగితం ఫొటో పంపించాను. ఇద్దరు అప్పుడే తామూ వస్తామన్నారు.

మామ అనో మావ అనో వచ్చే పిల్లల పాటలు, జానపదాలు మీకు గుర్తుంటే రాయండి. ఎనిమిది మంది ఆడాలి, మూడు నిమిషాలైనా ఉండాలి. శుక్రవారం సాయంత్రం లోపు రాస్తే టీచరుకి చూపిస్తాను.