నల్లమలలో స్నేహితుల బృందాలు నచ్చిన చోట గుడారం వేసుకోవచ్చా?

బాటసారి:
మిత్రులతో కలిసి నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి వెళ్లాలనుకుంటున్నాను. అటవీ శాఖ విడిదిలో కాకుండా లోపల ఏదైనా వాగు ఒడ్డున సొంత గుడారంలో ఒక రాత్రి గడపడానికి అనుమతి ఉండాలన్నది నా వాదన. అడవి లోపలి శివక్షేత్రం సలేశ్వరం జాతరకు వేలాది మంది లోపలికి వెళుతున్నప్పుడు, తమ చెత్త తామే తిరిగి తెచ్చుకునే నలుగురిని అడ్డుకోవడం ఏం న్యాయం? అడవిని చూడనివారు అడవి కోసం ఎలా నిలబడతారు?

ఇప్పచెట్టు:
బాటసారి గారూ, మీ చివరి ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అభ్యంతరమల్లా మీరు ఎంచుకున్న చోటు గురించే. నల్లమల ఆకురాల్చే అడవి కాబట్టి వేసవి దగ్గరపడేకొద్దీ వాగులు ఎండి, నీళ్లు అక్కడక్కడా మడుగుల్లోనే మిగులుతాయి; కణితి (సాంబార్ దుప్పి), ఎలుగుబంటి, పులి చీకటి పడ్డాక దాహం తీర్చుకోవడానికి వచ్చేది అక్కడికే. మీరు గొంతెత్తకుండా పడుకున్నా సరే, మనిషి వాసనకూ దీపపు వెలుతురుకూ బెదిరి అవి నీళ్లు తాగకుండానే వెనుదిరగవచ్చు. వేసవిలో అటవీ శాఖ సాసర్ పిట్లలో (జంతువుల కోసం కట్టిన లోతు తక్కువ నీటి తొట్లలో) నీళ్లు నింపించేది ఈ కొరత వల్లే. శ్రీశైలం రహదారిని మన్ననూరు, దోమలపెంటల మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసివేసేది కూడా రాత్రిపూట అడవిని జంతువులకు వదిలిపెట్టడానికే.

ఇక చలిమంట సంగతి. వేసవిలో ఎండుటాకులు, ఎండుగడ్డి పరుచుకున్న నేలపై ఒక్క నిప్పురవ్వ ఎంత దూరం పాకుతుందో ఊహించలేం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ అభయారణ్యానికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడాన్ని నిషేధించింది. చెంచులు ఇప్పపువ్వు ఏరుకునే రోజులు కూడా అవే.

సలేశ్వరం పోలిక నాకు సమ్మతం కాదు. అది చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులే జరిగే జాతర, అక్కడి పూజారులు చెంచులు. జాతరలో పోగయ్యే ప్లాస్టిక్ బాధాకరమే. దాన్ని సరిదిద్దాలి గాని, దాన్ని చూపి మరో భారాన్ని అడవిపై మోపకూడదు.

బాటసారి:
మడుగుల విషయం అంగీకరిస్తున్నాను. అయితే విడిది గదుల అద్దె విద్యార్థులకు అందుబాటులో ఉండదు. వారికి దారేది?

నల్లమల పొరుగు:
దారి బఫర్ ప్రాంతంలో, అంటే పులుల ప్రధాన ఆవాసం చుట్టూ ఉండే వెలుపలి అడవిలో ఉంది. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్‌లో బఫర్ సుమారు 445 చదరపు కిలోమీటర్లు. అందులో నీటి వనరులకు దూరంగా, ఊళ్లకు దగ్గరగా కొన్ని స్థలాలు గుర్తించి, నవంబరు నుంచి జనవరి వరకు తక్కువ రుసుముకు గుడారాలు అనుమతించవచ్చు. కాపలా, వంట, దారి చూపడం చెంచుల చేతిలో ఉంటే ఆ రుసుములో అధిక భాగం వారి పెంటలకే (చెంచు గూడేలకే) చేరుతుంది. నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో అటవీ శాఖ నిర్వహించే విడిది మనకు ఒక నమూనా.

ఇప్పచెట్టు:
రెండు షరతులతో నేను సమ్మతిస్తాను. మంట వేయకూడదు, స్థలం ఖరారుకు ముందు చెంచుల గ్రామసభ అనుమతి తీసుకోవాలి. అడవిని కాపాడే అధికారాన్ని 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చింది. వారు వద్దన్న చోట ఎవరూ గుడారం వేయకూడదు, రుసుము ఎంత చెల్లించినా సరే.