“పౌరులలోని ఏ వర్గమైనా”: 29వ అధికరణంలోని ఒక పదబంధం గురించి

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మన సంఘ సభ్యురాలు ఒకరు అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. తరతరాలుగా ఇక్కడే ఉన్న మనం, రాజ్యాంగం 29వ అధికరణం కింద తెలుగును కాపాడుకోవాలంటే ముందుగా మనల్ని అల్పసంఖ్యాకులమని నిరూపించుకోవాలా అని ఆవిడ అడిగారు.

అక్కరలేదండి. ఆ అధికరణం పక్కన ఉన్న శీర్షికలో అల్పసంఖ్యాక వర్గాల ప్రస్తావన ఉన్నమాట నిజమే కాని, మొదటి ఖండంలో ఆ మాట లేదు. భారతదేశంలో గాని, అందులోని ఏ భాగంలో గాని నివసిస్తూ, తమదైన ప్రత్యేక భాష, లిపి లేదా సంస్కృతి గల “పౌరులలోని ఏ వర్గమైనా” దానిని పరిరక్షించుకునే హక్కు కలిగి ఉంటుందన్నది దాని తాత్పర్యం. ముసాయిదాలో ఉన్న ‘మైనారిటీ’ అనే మాటను తీసి ఈ మాట పెట్టడానికి కారణాన్ని అంబేడ్కర్ 1948 డిసెంబరు 8న రాజ్యాంగ సభలో వివరించారు. మద్రాసు నుంచి వెళ్లి బొంబాయిలో స్థిరపడినవారు సాంకేతికార్థంలో అల్పసంఖ్యాకులు కాకపోయినా భాషా సంస్కృతుల రీత్యా అక్కడ అల్పసంఖ్యాకులే కనుక, వారికీ ఈ రక్షణ అందాలని ఆయన ఉద్దేశం.

ఆయన ఇచ్చిన ఉదాహరణ వలస వెళ్లినవారిది. పర్లాకిమిడి, గుణుపురం వంటి చోట్ల ఎందరో తెలుగువారు ఎక్కడి నుంచీ రాలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు సరిహద్దే వారి ఊళ్లను దాటి అవతలికి జరిగింది. మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచలో తరాలుగా ఉంటున్న తెలుగువారికీ ఇదే వర్తిస్తుంది. అధికరణం అడిగేది ‘నివసించడం’ ఒక్కటే. ఎప్పుడు వచ్చారు, ఎందరున్నారు అన్న ప్రశ్నలు అందులో లేవు. నాకు ఆ వాక్యంలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ మౌనమే.

‘లేదా’ అన్న చిన్న మాటను కూడా గమనించాలి. ఇంట్లో చక్కని తెలుగు మాట్లాడుతూ ఒడియా లిపి మాత్రమే చదవగలిగే పిల్లలు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. భాష, లిపి, సంస్కృతి మూడూ ఉండి తీరాలని రాసి ఉంటే వాళ్ల మాటకు రక్షణ సందేహమయ్యేది. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యాకరణం, నిఘంటువు రాసిన సవర అనే గిరిజన భాషకు మంగే గొమాంగో సొంత లిపి రూపొందించింది 1936లో; అంతకుముందు కూడా అది సంపూర్ణమైన భాషే.

1964లో సుప్రీంకోర్టు, పంజాబులో జరిగిన హిందీ ఉద్యమం నేపథ్యంలో వచ్చిన ఒక ఎన్నికల వివాదంలో, భాషను పరిరక్షించుకునే హక్కులో దాని కోసం ఆందోళన చేసే హక్కు కూడా ఇమిడి ఉందని చెప్పింది. 19వ అధికరణంలోని స్వేచ్ఛలకు ఉన్నట్టు ఈ హక్కుకు సహేతుకమైన ఆంక్షల నిబంధన లేదని కూడా ఆ తీర్పు స్పష్టం చేసింది. ప్రాథమిక హక్కుల భాగంలో ఇంత నిరపేక్షంగా ఉన్న వాక్యాలు ఎక్కువ లేవు.

అయితే మరొక సభ్యుడు రాసినట్టు, ఈ అధికరణం కింద ప్రభుత్వం తెలుగు ఉపాధ్యాయుణ్ణి నియమించి తీరాలని అనడం సరికాదు. ఇక్కడున్నది ‘పరిరక్షించుకునే’ హక్కు, అంటే పూనిక మనది, దానికి అడ్డు రాకపోవడం ప్రభుత్వం బాధ్యత. తమకు నచ్చిన విద్యాసంస్థలు స్థాపించుకునే హక్కు 30వ అధికరణంలో ఉంది, కాని అక్కడ మాత్రం అల్పసంఖ్యాకులు అన్న మాటే వాడారు. భాషాపరంగా ఎవరు అల్పసంఖ్యాకులో రాష్ట్రాన్ని ప్రమాణంగా తీసుకుని నిర్ణయించాలని 2002లో సుప్రీంకోర్టు పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది కాబట్టి, ఒడిశాలో, మహారాష్ట్రలో మనకు ఆ విషయంలోనూ చిక్కు లేదు.

బడిలో తెలుగు బోధన కోరుతూ అర్జీ పెట్టేవారు ఆధారంగా చూపవలసింది 350ఎ అధికరణం. 1956 నాటి ఏడవ సవరణతో చేరిన ఈ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు రాష్ట్రాలూ స్థానిక సంస్థలూ కృషి చేయాలంటుంది. ఇది ప్రాథమిక హక్కుల భాగంలో లేదు, ‘కృషి’ అన్న మాటకు ‘హక్కు’ అన్న మాటకున్నంత బలమూ లేదు. అందుచేత అర్జీలో 29, 350ఎ అధికరణాలు రెండింటినీ కలిపి చూపడం మంచిది. కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఫిర్యాదు సమర్పించవచ్చని 350వ అధికరణం చెబుతోంది కనుక ఆ అర్జీని తెలుగులోనే రాసి, చదివే అధికారి సౌలభ్యం కోసం ఒడియా ప్రతిని జతచేయండి.