ఓడ నమూనా ఫ్రేములో పెట్టే పాత రాగి నాణేనికి చిలుము ఆపేదెలా?

నమస్కారమండీ. ఈస్టిండియా కంపెనీ ఓడ ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ నమూనా ఒకటి లోతైన గాజు ఫ్రేములో బిగిస్తున్నాను. 1809 జనవరిలో మద్రాసుకు బయల్దేరి, ఇంగ్లండు తీరంలోనే గుడ్విన్ శాండ్స్ ఇసుక దిబ్బల మీద చిక్కి ధ్వంసమైన ఓడ అది. మన కోస్తా, రాయలసీమ కూడా అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీయే కాబట్టి, అందులోని రాగి నాణేలు మన సంతల దాకా వచ్చేవేమో! 1980లలో డైవర్లు వాటిని పైకి తీశారు.

వాటిలో 1808 నాటి ఇరవై కాసుల నాణెం ఒకటి నా దగ్గరుంది. ఒకవైపు సింహాల మధ్య కంపెనీ చిహ్నం, రెండోవైపు పారశీక లిపి. అంచున లేత ఆకుపచ్చ పొడి తేలుతోంది, తుడిచినా మళ్లీ వస్తోంది. ఉప్పునీటి క్లోరైడ్లు లోహంలో ఉండిపోతే తేమ తగిలినప్పుడల్లా రాగిని తినేస్తాయట. మాది విశాఖ, తేమకు కొదవేముంది!

డిస్టిల్డ్ వాటర్‌లో నానబెడితే సరిపోతుందా, రాగికి చిలుము పట్టకుండా ఆపే బెంజోట్రయజోల్ అనే రసాయనం కూడా పట్టించాలా? కొన్ని చెక్కల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి రాగికి పడదంటారు, మరి ఫ్రేముకు ఏది వాడాలి? నాణేనికి జిగురు తగలనివ్వడం నాకిష్టం లేదు. తేమ పీల్చే సిలికా జెల్ మార్చుకునే వీలుండేలా వెనక పలకను ఎలా అమర్చారో, చేసినవాళ్లు దయచేసి చెప్పండి.