పెద్దమ్మకు ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ కార్డుల సంగతి ఎలా వివరించాలి?

ప్రశ్న: చెల్లెలి బిడ్డ, సికింద్రాబాద్

మా పెద్దమ్మకు ఆధార్ ప్రకారం 73 ఏళ్లు. వారాసిగూడలో కొడుకు, కోడలితో ఉంటుంది. వాళ్ల రేషన్ కార్డులోనే ఆమె పేరు కూడా ఉంది. నెల క్రితం మెట్లు ఎక్కుతూ ఛాతీ పట్టేసినట్టయి, ఊపిరి ఆడక కూర్చుండిపోతే, దగ్గరలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాము. చేతి సంచిలో ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచుకున్న ఆరోగ్యశ్రీ కార్డును ఆమే తీసి కౌంటరు మీద పెట్టింది. అక్కడి ఉద్యోగి దానిని చూడనైనా చూడకుండా పక్కకు జరిపి, ఓపీ చీటీకి, ఈసీజీకి, ఎకోకు, రక్త పరీక్షలకు కలిపి నాలుగు వేల పైచిలుకు కట్టించుకున్నాడు. గుండె రక్తనాళాలను చూసే యాంజియోగ్రామ్ పరీక్ష చేయాలని, అవసరమైతే పూడుకున్న నాళాన్ని తెరిచి ఉంచే స్టెంటు వేయాలని డాక్టరు చెప్పారు.

ఆ రోజు నుంచి పెద్దమ్మది ఒకటే మాట: "అది ఓట్లప్పుడు ఇచ్చిన కార్డు బిడ్డా, దవాఖానల నడవదు." కొడుకుకు ఖర్చు పెట్టించడం ఇష్టం లేక, నొప్పి తగ్గిందని చెబుతూ పరీక్షను వాయిదా వేస్తోంది. తగ్గలేదని నాకు తెలుసు.

డెబ్బై దాటిన వారికి కేంద్రం వేరే కార్డు ఇస్తోందని విన్నాను. ఆరోగ్యశ్రీ ఉన్నవారు అది కూడా తీసుకోవచ్చా? ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు చనిపోయిన మా పెద్దనాన్నది, ఆ సిమ్ ఇప్పుడు లేదు. వేలిముద్రలు కూడా అరిగిపోయి, పింఛను తీసుకునేటప్పుడే ఇబ్బంది అవుతోంది. వీటన్నిటికంటే ముందు, ఈ వ్యవహారాన్ని ఆమెకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలో అనుభవం ఉన్నవారు తెలియజేయగలరు.

సమాధానం 1: మాజీ ఆరోగ్యమిత్ర, ఉప్పల్

నేను కొన్నేళ్లు ఆరోగ్యశ్రీ వర్తించే ఒక నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రగా, అంటే కార్డు ఉన్న రోగులకు దారి చూపే ఉద్యోగిగా పనిచేశాను. మీ పెద్దమ్మకు ఎదురైనది అక్కడ తరచూ చూసినదే. కార్డు చెల్లక కాదు, దానిని చూపవలసిన బల్ల అది కాకపోవడం వల్ల అలా జరుగుతుంది. 2007లో మొదలైన నాటి నుంచి ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సల కోసం నడుస్తున్న పథకం కనుక, మామూలు ఓపీ కౌంటరులో కూర్చున్న మనిషికి దానితో పని ఉండదు, చాలామందికి దాని గురించి తెలియదు కూడా. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల వేరుగా ఉంటుంది. డబ్బు కట్టకముందే అక్కడికి వెళ్లాలి. ఇది నగదు రహిత పథకం కనుక, మామూలు కౌంటరులో కట్టిన డబ్బు తర్వాత తిరిగి రావడం కష్టం.

అసలు ఆ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందా, ఉంటే గుండె విభాగానికి ఉందా అన్నది ముందు తెలుసుకోండి. ఆసుపత్రి పేరు జాబితాలో ఉన్నంత మాత్రాన అన్ని విభాగాలకూ అనుమతి ఉన్నట్టు కాదు. 104కు ఫోను చేస్తే చెబుతారు. వారాసిగూడ నుంచి గాంధీ ఆసుపత్రి ఎంతో దూరం కాదు, అక్కడ గుండె విభాగం ఉంది. పంజాగుట్ట నిమ్స్‌లో కూడా ఆరోగ్యశ్రీ నడుస్తుంది. రద్దీ ఎక్కువనే మాట నిజమే గానీ, ఒక ఉదయం దానికి కేటాయించుకుంటే పని జరుగుతుంది.

అత్యవసరం కాని కేసులో మిత్ర వివరాలు నమోదు చేసుకున్న తరువాత, డాక్టరు నివేదికలను పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టుకు పంపి, ముందస్తు అనుమతి వచ్చాకే చికిత్స మొదలుపెడతారు. ఈ మధ్యకాలాన్నే చాలామంది పెద్దవాళ్లు "తిప్పి పంపేశారు" అని అనుకుంటారు కాబట్టి, అనుమతికి సమయం పడుతుందని ఆమెకు ముందుగానే చెప్పి ఉంచండి. యాంజియోగ్రామ్‌లో స్టెంటు అవసరం లేదని తేలితే ఆ పరీక్ష ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నను చేరకముందే మిత్రను అడగండి. చేరాక అడిగితే గొడవ అవుతుంది. మళ్లీ ఛాతీ నొప్పి వస్తే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా 108కి ఫోను చేయండి. అత్యవసర కేసుల్లో ఫోను ద్వారా అనుమతి తీసుకునే ఏర్పాటు ఉంది.

డెబ్బై ఏళ్ల కార్డు పేరు ఆయుష్మాన్ వయ వందన. 2024 అక్టోబరు 29న ప్రారంభమైంది. ఆదాయంతో సంబంధం లేదు, ఆధార్‌లో 70 నిండి ఉంటే చాలు. ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది, పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే. ఆరోగ్యశ్రీలో 2023 డిసెంబరు 9 నుంచి పరిమితి 10 లక్షలు, అయితే అది కుటుంబం మొత్తానికి. అందువల్ల రెండోది తీసి పెట్టుకోవడం మంచిదే. ఏ చికిత్సకు ఏ కార్డు పెట్టాలో ఆసుపత్రిలో మిత్ర చెబుతారు, మీరు ఆధార్, రెండు కార్డులు వెంట ఉంచుకోండి. ఆయుష్మాన్‌లో ఓపీ సేవలు రావు. చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చు మాత్రం ప్యాకేజీలో భాగం.

సమాధానం 2: నేరేడ్‌మెట్ వాసి

ఫోను నంబరు గురించి మాత్రమే చెబుతాను. ఆధార్ కేంద్రానికి పెద్దమ్మను స్వయంగా తీసుకెళ్లి నంబరు మార్పించండి, వీలైతే కొడుకు నంబరు కాక ఆమె దగ్గరే ఉండే ఫోను నంబరు ఇవ్వండి. ఆయుష్మాన్ యాప్‌లో ఓటీపీ, వేలిముద్రలతో పాటు కంటిపాప, ముఖం ద్వారా కూడా ధ్రువీకరణ చేయవచ్చు. మా నాన్నగారికి వేలిముద్ర పడకపోతే ముఖం చూపించి కార్డు తీశాము. వెలుతురు ఉన్న చోట, కళ్లద్దాలు తీసి కూర్చోబెట్టాలి. కార్డుకు రుసుము లేదు. డబ్బు అడిగేవాడినీ, ఫోనులో ఓటీపీ చెప్పమనేవాడినీ నమ్మవద్దని ఆమెకు గట్టిగా చెప్పండి. అనుమానం వస్తే ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కు చేసి అడగవచ్చు.

సమాధానం 3: అత్తగారి ఆపరేషన్ చేయించిన కోడలు, మల్కాజిగిరి

పైవారు చెప్పినవి సరైనవే కానీ, ప్యాకేజీ, నెట్‌వర్క్, ముందస్తు అనుమతి అంటూ పెద్దమ్మకు చెబితే ఆమె తల ఊపి ఊరుకుంటుంది. మా అత్తగారూ అలాగే చేశారు. రెండేళ్ల క్రితం నేను చివరికి బస్సు సంగతితో చెప్పాను.

ఆవిడ రోజూ జీరో టికెట్‌తో గుడికి వెళ్లివస్తారు. సిటీ ఆర్డినరీలో, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో ఆధార్ చూపిస్తే టికెట్ ఉచితమని, డీలక్స్ ఎక్కితే డబ్బు కట్టాలని ఆవిడకు బాగా తెలుసు. కండక్టరు డబ్బు అడిగితే "నా ఆధార్ దొంగది" అని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు, ఎక్కిన బస్సు వేరని అర్థం చేసుకుని దిగిపోయారు. దవాఖాన కూడా అంతేనమ్మా అన్నాను. మన కార్డు నడిచే దవాఖానలు కొన్ని, అందులో నడిచే వార్డు జనరల్ వార్డు, ప్రత్యేక గది కావాలంటే అది డీలక్స్, ముందుగా కలవవలసిన కండక్టరు ఆరోగ్యమిత్ర. ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి దిగేటప్పుడు మందులు ఇస్తరా?" అని అడిగారు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది, ఎందుకంటే అది ఆరోగ్యశ్రీలో అడగవలసిన ప్రశ్నే. డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు ఇస్తారని మాకు మిత్ర చెప్పారు, ఇచ్చారు కూడా.

ఇంకొక మాట. ఆ బల్ల దగ్గర మీరు మాట్లాడకండి, ఆమెనే మాట్లాడనివ్వండి. మా ఆయన ప్రతిదానికీ అడ్డుపడి తానే జవాబు చెబుతుంటే, అత్తగారు తన జబ్బు గురించి తానే చెప్పలేని మనిషిలా గోడ వైపు చూస్తూ కూర్చునేవారు. ఆయనను టీ తాగి రమ్మని బయటకు పంపించాక, ఆవిడ నొప్పి ఎప్పుడు మొదలైందో మాకెవరికీ చెప్పని సంగతి మిత్రకు చెప్పారు.

సమాధానం 4: పింఛనుదారు, తార్నాక

డెబ్బై ఏళ్ల కార్డు చాలామందికి పనికొస్తుంది కానీ, సీజీహెచ్‌ఎస్, ఈసీహెచ్‌ఎస్ వంటి కేంద్ర ఉద్యోగుల, మాజీ సైనికుల ఆరోగ్య పథకాల్లో ఉన్నవారు పాతదో కొత్తదో ఏదో ఒకటి ఎంచుకోవాలి, రెండూ ఉండవు. నేను పాతదాన్నే ఉంచుకున్నాను, ఓపీ మందులు అందులోనే వస్తాయి కాబట్టి. ఇది అడిగినవారికి వర్తించకపోయినా, తొందరపడి నొక్కేసే మా వయసు మిత్రులు ఒకరిద్దరు చదువుతారని రాశాను.

తిరిగి అడిగినవారు: చెల్లెలి బిడ్డ, సికింద్రాబాద్

అందరికీ కృతజ్ఞతలు. 104కు ఫోను చేస్తే, మేము వెళ్లిన ఆ ఆసుపత్రి గుండె విభాగానికి నెట్‌వర్క్‌లో లేదని చెప్పారు. ఆ సంగతి చెప్పగానే పెద్దమ్మ, "అయితే కార్డుది తప్పు కాదన్నట్టు" అంది. మల్కాజిగిరి వారి బస్సు ఉదాహరణ వినిపించాను, నవ్వింది. సోమవారం గాంధీకి వెళ్తున్నాము. మిత్రను అడగవలసిన ప్రశ్నలు ఒక కాగితం మీద రాయించుకుంది. మొదటిది యాంజియోగ్రామ్ ఖర్చు గురించి, రెండోది మందుల గురించి. మూడోది నాకు చెప్పకుండా మనవడితో రాయించుకుని కవరులో పెట్టుకుంది.