ఆలోచనల వల్ల డిప్రెషన్ వస్తుందా, డిప్రెషన్ వల్ల ఆలోచనలు మారతాయా?

సైకాలజీ తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. ఎమ్మే చదువుతున్నాను, అమెరికన్ సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ 1960ల్లో డిప్రెషన్ గురించి చెప్పిన సిద్ధాంతం దగ్గర ఆగిపోయాను. డిప్రెషన్‌లో ఉన్న మనిషి తన గురించి, లోకం గురించి, భవిష్యత్తు గురించి చెడుగానే ఆలోచిస్తాడనీ, చిన్నప్పుడు పాతుకున్న నమ్మకాలు ఏదైనా దెబ్బ తగిలినప్పుడు మళ్లీ పైకి లేస్తాయనీ ఆయన అంటాడు. ఇంటర్‌లో ఒక్క సబ్జెక్టు పోతే "నేను దేనికీ పనికిరాను" అనుకోవడం లాంటిది. ఇంతవరకు బాగానే అర్థమైంది.

కానీ మందులతో డిప్రెషన్ తగ్గినా చాలామందిలో ఆ ఆలోచనలూ తగ్గుతాయి. అలాంటప్పుడు అవి కారణమా, లక్షణమా? అలోయ్, అబ్రామ్సన్ అనే సైకాలజిస్టులు డిప్రెషన్ లేని విద్యార్థులను ఎంచుకుని, వాళ్ల ఆలోచనా తీరును ముందే కొలిచి కొన్నేళ్లు గమనించారు. ప్రతికూలంగా ఆలోచించేవాళ్లకే డిప్రెషన్ ఎక్కువగా వచ్చింది. అయినా జన్యువులో, ఇంటి పరిస్థితులో రెండింటికీ మూలం కావచ్చు కదా?

నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఇంకొకటి. అప్పులపాలైన కౌలు రైతుతో "మీ ఆలోచన తీరు మార్చుకోండి" అంటే తప్పు ఆయన మీదే మోపినట్టు కాదా? కాగ్నిటివ్ థెరపీ (బెక్ సిద్ధాంతం ఆధారంగా ఆలోచన తీరును మార్చే చికిత్స) చేసేవాళ్లు ఎవరైనా ఉంటే, నిజంగానే కష్టాల్లో ఉన్నవాళ్లతో మీరు ఎక్కడ మొదలుపెడతారో చెప్పండి.