‘ఖాతాదారుడా’ అంటే ఎవరిని పిలిచినట్టు?

మిత్రులారా, ‘యూజర్’ అన్న మాటకు వినియోగదారుడు బాగుంటుందా, వాడుకరి బాగుంటుందా అని పోయిన వారం ఇక్కడ ఒకరు అడిగారు. ఊరెళ్లి రావడంతో జవాబు ఆలస్యమైంది. నా ఓటు వాడుకరికే. ఎందుకో చెప్పాలంటే మా అమ్మ ఫోన్ దగ్గర మొదలుపెట్టాలి.

మాది నెల్లూరు జిల్లా. అమ్మ చిన్నప్పుడు బడికి పోలేదు. 1990ల మొదట్లో మా జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు రాత్రిబడిలో కూర్చుని చదవడం నేర్చుకుంది. ఆ వాచకంలోని సీతమ్మ కథ చదివే మా జిల్లాలోని దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ పాఠం తమ గురించేనని వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

అమ్మ ఇప్పటికీ అక్షరం అక్షరం కూడబలుక్కునే చదువుతుంది. మొన్న నేను వెళ్లేసరికి ఆమె పొదుపు ఖాతా ఆగిపోయి ఉంది. కేవైసీ కాగితాలు ఇమ్మని బ్యాంకు నుంచి మూడు మెసేజ్‌లు వచ్చాయి, మూడూ చదివింది. తెర మీద వేలు పెట్టి ‘ప్రియమైన ఖా-తా-దా-రు-డా’ అని నాకు చదివి చూపించి, “మీ నాయనకు రావాల్సింది నాకొచ్చిందేమో అనుకున్నా” అంది. ఆయనకు చెప్పింది కూడా. ఆయన తన బ్యాంకుకు వెళ్లి అడిగితే మీవన్నీ సరిగానే ఉన్నాయి పొమ్మన్నారట.

గబగబా చదివే అలవాటున్న మనకు ఆ చివరి ‘డా’ కంటికి ఆనదు. అమ్మ ఉన్నది ఉన్నట్టు చదివింది. ‘డు’ ఉంటే మగవాడే కదా!

అసలు ‘దారు’కు ఆ ‘డు’ అవసరమే లేదు. అది పారసీ నుంచి వచ్చిన ప్రత్యయం. కలిగి ఉన్న మనిషి అని అర్థం, ఆడా మగా తేడా అందులో లేదు. ఖాతాదారు, చందాదారు, హక్కుదారు అంటే మాట పూర్తయినట్టే. దాని తోకకు డు తగిలించింది మనమే. తగిలించాక ఆడవాళ్ల కోసం ‘ఖాతాదారురాలు’ అని ఇంకో తోక వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇన్నాళ్లూ ఇది పెద్దగా బయటపడకపోవడానికి కారణం ఉంది. పత్రికలు, కరపత్రాలు, నోటీసులు పదిమందినీ కలిపి పిలిచేవి. పాఠకులారా, రైతులారా, ఖాతాదారులకు విజ్ఞప్తి అని రాసేవారు. బహువచనంలో మన భాష ఆడామగలను విడదీయదు, ‘వచ్చారు’ అంటే అందరూ వచ్చినట్టే. ఫోన్ అలా కాదు, ఒక్కొక్కరినీ విడిగా పిలుస్తుంది. ఏకవచనంలోకి దిగగానే తెలుగులో ఇబ్బంది మొదలవుతుంది. 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో చిన్నయ సూరి చెప్పింది గుర్తుందిగా, స్త్రీలూ పశుపక్ష్యాదులూ జడపదార్థాలూ కానివి మహత్తులు, అంటే మగవాళ్లను చెప్పే మాటలు. తమిళంలో ఆమెకు ‘వందాళ్’, కన్నడంలో ‘బందళు’ అని వేరే క్రియ ఉంది. మనకు ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది.

పైగా యాప్‌లో వాక్యం ముందే రాసిపెట్టి ఉంటుంది, పేరు వచ్చి ఖాళీలో కూర్చుంటుంది. ఆ పేరు లక్ష్మో లక్ష్మణుడో రాసేవాళ్లకు ముందు తెలియదు. ‘చేరాడు’ అని రాసేస్తే సగం మంది విషయంలో తప్పే. ‘చేరారు’ అంటే ఎవరికైనా సరిపోతుంది, మర్యాదగానూ ఉంటుంది.

ఇక వాడుకరి. తెలుగు వికీపీడియాలో రాసేవాళ్ల పేజీలకు మొదట్లో సభ్యుడు, సభ్యులు అన్న మాటలు వాడేవారు, తర్వాత వాడుకరి వచ్చి స్థిరపడింది. నాకిది ఎంతో నచ్చిన మాట. వాడుకకు ‘అరి’ చేరింది, అంతే. నేర్పరి, సొగసరి, చూపరి, కల్లరి అన్నిట్లో ఉన్నది అదే అరి. నేర్పరి అంటే ఆడమనిషా మగమనిషా అని ఎవరమూ అడగం. కంప్యూటర్ కోసం కొత్తగా ఒక మాట కావాల్సి వస్తే ఇంట్లో ఉన్న పాత ప్రత్యయాన్ని దుమ్ము దులిపి తీసుకున్నారు. ‘వినియోగదారుడు’ కన్నా పొట్టి కూడా, చిన్న తెర మీద అదీ లెక్కే.

చేర్పు: ఆడవాళ్లకు ‘ఖాతాదారురాలా’ అని పంపితే గౌరవంగా ఉంటుంది కదా అని కింద ఇద్దరు రాశారు. మనిషి తెలిసినప్పుడు నిక్షేపంగా రాయండి. కానీ ఆ తేడా కోసం మెసేజ్ పంపే ప్రతివాళ్లూ నువ్వు ఆడా మగా అని అడిగి రాసిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. కరెంటు బిల్లు కట్టడానికి ఆ వివరం ఎందుకు? ‘ఖాతాదారు గారికి’ అంటే చాలు. యాప్‌లకు తెలుగు రాసేవాళ్లు ఈ గుంపులో ఉన్నారని తెలుసు, వాళ్లను ప్రత్యేకంగా అడుగుతున్నాను.

ఎలా పిలిస్తే నీకని తెలిసేది అని అమ్మనూ అడిగాను. “ఖాతా ఉండేవాళ్లకి అంటే పోలా?” అంది.

‘అరి’తో ముగిసే మాటలు మీ వైపు ఇంకేమైనా వాడుకలో ఉంటే రాయండి, జాబితా కడుతున్నాను.