పక్కవాళ్ల కంచె దగ్గరే వేట మంచె కట్టడం సబబేనా?

గట్టుమీద:
ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, వేట నేరమే. కాబట్టి ఈ ప్రశ్న లైసెన్సుతో, సీజన్ ప్రకారం వేట సాగే దేశాల్లో స్థలం కొనుక్కుని ఉంటున్నవాళ్లకి.

మా ఉత్తరం హద్దుకి అవతల పక్కాయన అడవి ముక్క ఉంది. పోయిన వారం ఆయన అక్కడ ఒక చెట్టుకి ఇనప మంచె బిగించారు. మా కంచెకి ఐదు మీటర్ల దూరం కూడా లేదు. నిచ్చెన అటు, కూర్చునే సీటు సూటిగా మా వైపు. జింకలు పగలంతా ఆయన చెట్లలో పడుకుని, పొద్దు వాలాక కంచె దాటి మా పచ్చికలోకి మేతకి వస్తాయి. ఆ దారి చూసుకునే కట్టారు. సరిగ్గా అదే వేళకి మా అమ్మాయి కుక్కని తీసుకుని కంచె వెంట నడుస్తుంది. సీజన్‌కి ఇంకా మూడు వారాలుంది, నాకు ఇప్పటినుంచే టెన్షన్ పట్టుకుంది.

ఆయన స్థలంలో ఆయన కట్టుకున్నారు, చట్టం తప్పలేదు. అది ఒప్పుకుంటాను. కానీ ఇది ఇరుగుపొరుగు పద్ధతేనా? కాదని నా అభిప్రాయం. హద్దు నుంచి ఓ వంద మీటర్లైనా వదిలి కట్టుకోవాలి. నా స్థలంలో నేను భయం లేకుండా తిరగడం ముందు, పక్కవాళ్ల వేట తర్వాత. మీరేమంటారు?

మూడోమలుపు:
మీ భయం అర్థమైంది కానీ మీ వాదనతో ఏకీభవించలేను. నాది సన్నగా, పొడుగ్గా ఉన్న స్థలం. వెడల్పు అరవై మీటర్లు. హద్దు నుంచి వంద మీటర్లు వదలమంటే నాకు నిలబడటానికి చోటే ఉండదు. పెద్ద పెద్ద ఎస్టేట్లు ఉన్నవాళ్లకే వేట అని తేల్చేసినట్టు అవుతుంది. పన్ను హద్దురాయి దాకా కడుతున్నప్పుడు వాడుకోవడం కూడా హద్దురాయి దాకానే.

ఇంకో మాట. జింకలు మీ పచ్చికలో మేస్తాయి గనక మీవి అయిపోవు. 1805లో న్యూయార్క్‌లో పియర్సన్, పోస్ట్ అనే ఇద్దరి మధ్య ఒక నక్క గురించి కేసు నడిచింది. పోస్ట్ కుక్కలతో తరుముకొస్తుంటే పియర్సన్ మధ్యలో దూరి ఆ నక్కని చంపి పట్టుకుపోయాడు. తరిమినంత మాత్రాన జంతువు సొంతం కాదు, పట్టుకున్నవాడిదే అని కోర్టు తేల్చింది. తరిమినవాడికే హక్కు లేనప్పుడు, గడ్డి పెట్టినవాడికి ఎక్కడిది?

సీటు మీ వైపు ఉందని ఆయన మీ వైపే కాలుస్తాడనుకోకండి. కుడిచేతి వాటం వాడు కూర్చుని రైఫిల్ భుజానికి ఆనిస్తే ఎడమ పక్కకి సులువుగా తిరగగలడు, కుడి పక్కకి తిరగలేడు. అందుకే జింక ఎడమ నుంచి వచ్చేటట్టు సీటు పెట్టుకుంటారు. గాలి వాటం కూడా చూసుకోవాలి. మన వాసన జింక వైపు పోయిందా, ఇక ఆ పూటకి అది రాదు.

నిశ్శబ్దం:
నేను వేటాడను. కానీ వేటాడేవాళ్ల మధ్య పదకొండేళ్లుగా ఉంటున్నాను. మూడోమలుపు గారూ, మీరు చెప్పిన వాటం, గాలి, పన్ను అన్నీ మంచె మీద కూర్చున్నవాడి వైపు నుంచే. కింద నడిచేవాళ్ల సంగతేంటి?

ఒకసారి పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఎక్కడో తుపాకీ పేలింది, రెండు క్షణాల తర్వాత రేకుల షెడ్డు మీద గుప్పెడు బియ్యం విసిరినట్టు చప్పుడు. పక్షుల కోసం కాల్చిన షాట్‌గన్ గుళ్లు. పక్కవాళ్ల అబ్బాయి పైకి కాల్చాడు, అవి మా మీద రాలాయి. అంత దూరం నుంచి వచ్చి పడేవి ఒంట్లో దిగవని తర్వాత చెప్పారు. కంట్లో పడితే? నేను ఆ క్షణాన తల పైకెత్తే ఉన్నాను. ఆ అబ్బాయి వచ్చి క్షమాపణ అడిగాడు, మంచివాడే. కానీ ఆ సీజనంతా నేను బట్టలు లోపలే ఆరేసుకున్నాను. నా పెరడు నాది కాకుండా పోయింది.

ఇంత దూరంలోపు కాల్చకూడదని చట్టంలో దూరాలు ఉంటాయి కదా అంటారు. ఎక్కడి నుంచి కొలుస్తారో చూడండి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో తుపాకీకి 150 గజాలు, న్యూయార్క్‌లో 500 అడుగులు. రెండూ ఇంటి నుంచే, హద్దు నుంచి కాదు. ఇల్లు స్థలం మధ్యలో ఉండి, మనిషి కంచె దగ్గర నడుస్తుంటే ఆ దూరం ఆ మనిషిని కాపాడదు.

పాతవేటగాడు:
ఇరవై రెండేళ్లుగా వేటాడుతున్నాను. వాదన మంచె చుట్టూ తిరుగుతోంది, చూడాల్సింది తూటా ఎక్కడ ఆగుతుందని. చిన్న .22 తూటా కూడా కోణం కుదిరితే రెండు కిలోమీటర్ల దాకా పోతుంది. జింకల వేటకి వాడే రైఫిల్ తూటా మూడు కిలోమీటర్లు దాటుతుంది. అంత దూరం పోయే వస్తువు ముందు ఐదు మీటర్లూ యాభై మీటర్లూ ఒకటే. గురి వెనక దాన్ని ఆపే మట్టి ఉందా లేదా అన్నదే అసలు లెక్క.

అందుకే మంచె అనగానే చెడ్డది అనుకోవద్దు. నేల మీద కూర్చుని కాలిస్తే గురి తప్పిన తూటా నేలకి సమాంతరంగా పోతూనే ఉంటుంది. ఐదు మీటర్ల ఎత్తు నుంచి ముప్పై మీటర్ల దూరంలో ఉన్న జింకని కాల్చండి, వీపు మీదుగా తప్పిపోయినా పది మీటర్ల లోపే నేలలో దిగుతుంది. నేల చదునుగా, మెత్తగా ఉంటేనే సుమా. రాయి తగిలినా, గడ్డకట్టిన నేలైనా, నీళ్లైనా తూటా ఎగిరి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఇక గట్టుమీద గారి విషయం. కంచె ఐదు మీటర్లే కాబట్టి ఆ సీటు నుంచి ముందుకి కాల్చిన ప్రతి తూటా గట్టుమీద గారి నేలలోనే దిగుతుంది. వేరే దారి లేదు. టెక్సాస్‌లో అయితే, అవతలి యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోకుండా వేటలో తూటా హద్దు దాటడమే నేరం. జింకకి తగిలిందా, మనిషికి తగిలిందా అని చూడరు. కాబట్టి ఆ మంచె మీద కూర్చున్నవాడు పక్కకో వెనక్కో మాత్రమే కాల్చాలి. ఆ మాట మీద ఆయన నిలబడతాడా అన్నదే నేనైతే అడిగేది.

నా సంగతి ఒకటి చెప్పాలి. వేట మొదలుపెట్టిన రెండో ఏడు, చీకటి పడే వేళ, పొదలో గోధుమరంగు కదిలింది. బైనాక్యులర్స్ బ్యాగులో ఉన్నాయి. తియ్యడం బద్ధకమై రైఫిల్ స్కోప్‌లోంచి చూశాను. గోధుమరంగు స్వెట్టర్. పక్క స్థలం ఆయన వంగుని కుక్క మెడపట్టీ సరిచేస్తున్నాడు. స్కోప్‌లో చూడటమంటే తుపాకీ ఆయన వైపు ఎక్కుపెట్టడమే కదా. నా వేలు ట్రిగ్గర్ మీద లేదు, సేఫ్టీ తియ్యలేదు. అయినా కిందకి దిగాక నిచ్చెన పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను. ఆయనకి ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను. ఆ రోజు నుంచి బైనాక్యులర్స్ మెడలోనే ఉంటాయి, స్కోప్‌తో వెతకడం లేదు.

మూడోమలుపు:
తూటా హద్దు దాటకూడదన్నది నేనూ నూటికి నూరు పాళ్లూ ఒప్పుకుంటాను. పాతవేటగాడు గారు చెప్పినట్టు పక్కకి కాలిస్తే ఇక అభ్యంతరం దేనికి? హద్దు పక్కన ఉండకూడదు అనడానికీ, హద్దు దాటించకూడదు అనడానికీ చాలా తేడా ఉంది. రెండోది రూల్. మొదటిది పక్కవాడి భయం కోసం నా స్థలాన్ని నేనే కుదించుకోవడం.

విల్లుబాణం:
తూటా సరే, తగిలిన జింక సంగతి ఎవరూ ఎత్తలేదే? హద్దు గొడవల్లో నేను చూసినవి ఎక్కువ అక్కడే మొదలయ్యాయి. గుండెకో ఊపిరితిత్తులకో సరిగ్గా తగిలినా జింక యాభై, వంద మీటర్లు పరుగెత్తి పడుతుంది. కంచెకి ఐదు మీటర్లలో కూర్చున్నవాడి జింక పడేది ఎక్కడ? సగం సార్లు అవతలి స్థలంలోనే. అంటే మంచె అక్కడ కట్టిన రోజే, అనుమతి లేకుండా పక్క స్థలంలో అడుగుపెట్టే పరిస్థితి కొనితెచ్చుకున్నట్టు. మూడోమలుపు గారూ, మీ సన్నటి స్థలానికి కూడా ఇదే వర్తిస్తుంది.

దీని మీద ఒక్కో చోట ఒక్కో పద్ధతి. అమెరికాలోని మినెసోటాలో, లోపలికి రావద్దని బోర్డు పెట్టని స్థలమైతే గాయపడ్డ జంతువు కోసం నడిచి వెళ్లి తెచ్చుకోవచ్చు, యజమాని పొమ్మంటే పోవాలి. జర్మనీలో దీనికి పేరే ఉంది, విల్డ్‌ఫోల్గె. గాయపడ్డ జంతువు పక్కవాళ్ల వేట పరిధిలోకి పోతే వెంటపడాలంటే ముందుగానే రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అసలు అక్కడ విడిగా సొంత వేట పరిధి కావాలంటే కనీసం 75 హెక్టార్లు ఒకే చోట ఉండాలి. అంతకన్నా చిన్న స్థలాలన్నీ కలిపి ఒకే పరిధి చేస్తారు. సన్న స్థలాల సమస్యని వాళ్లు అలా తీర్చుకున్నారు.

నేను విల్లుతో వేటాడతాను. బాణం తగిలాక కనీసం అరగంట కదలకుండా కూర్చోవాలని మాకు నేర్పుతారు. పొట్టలో తగిలితే ఆరేడు గంటలు. తొందరపడి వెంటపడితే ఆ మూగజీవం బాధతో ఇంకా దూరం పోతుంది. ఆ అరగంట పక్కవాళ్లకి ఫోన్ చెయ్యడానికి చాలు. అనుమతి రాకపోతే? అప్పుడు జింక కుళ్లిపోతుంది. చంపి వదిలెయ్యడం కన్నా సిగ్గుచేటు వేటలో ఇంకోటి లేదు. అందుకే అనుమతి ముందే లేకపోతే నేను హద్దు దగ్గర బాణం వదలను. హక్కు ఉన్నా వదలను.

గట్టుమీద:
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్. ఒక స్నేహితుడు, సీజన్ రోజుల్లో సాయంత్రం పూట కంచె దగ్గర రేడియో గట్టిగా పెట్టెయ్, జింకలే రావు అని సలహా ఇచ్చాడు. మీరేమంటారు?

పాతవేటగాడు:
వద్దండీ. అమెరికాలో అయితే చట్టబద్ధమైన వేటని కావాలని చెడగొట్టడం నేరమని యాభై రాష్ట్రాల్లోనూ చట్టాలున్నాయి. చట్టం మాట అటుంచి, రేడియో పెట్టిన మర్నాటి నుంచి ఆయనకీ మీకూ మాటలుండవు. మాటల్లేని పక్కవాడి చేతిలో తుపాకీ ఉండటం ఇంకా ప్రమాదం. వెళ్లి మాట్లాడండి. వేటగాళ్ల నారింజ రంగు చొక్కా అమ్మాయికీ, మెడపట్టీ కుక్కకీ వెంటనే కొనండి. జింక కంటికి ఆ రంగు మనకి కనిపించినట్టు కనిపించదు, కాబట్టి ఆయన వేటకి నష్టం లేదు.

నిశ్శబ్దం:
చొక్కా కొనుక్కోవాల్సింది కూడా నడిచే పిల్లేనా? భద్రత కోసం నేనూ వేసుకోమనే చెబుతాను. కానీ ఆ బరువు ఎవరి మీద పడుతోందో ఒకసారి చూడండి.

గట్టుమీద:
నిన్న సాయంత్రం వెళ్లాను. "మీ మంచె గురించి మాట్లాడాలండీ" అనగానే ఆయన మొహం బిగుసుకుంది. నేను చట్టం ఊసెత్తలేదు. "ఒకసారి నన్ను పైకి ఎక్కనిస్తారా, అక్కడి నుంచి మా వైపు ఎలా కనిపిస్తుందో చూస్తాను" అన్నాను. కాసేపు ఆలోచించి సరే అన్నారు.

ఎక్కి కూర్చున్నాను. మూడోమలుపు గారు చెప్పిందే నిజం, ఆయన కుడిచేతి వాటం, జింకలు వచ్చేది ఎడమ నుంచి. ఆ ఎడమ వైపుకి తిరిగి చూశాను. కంచె కాస్త దూరం పోయాక మా స్థలం లోపలికి వంపు తిరగదు, ఆయన వైపుకి తిరుగుతుంది. అంటే పక్కకి కాల్చినా ఆ తూటా పోయేది మా మూల మీదుగానే. అక్కడ ఆకుల సందులోంచి మా అమ్మాయి ఉయ్యాల తాడు కనిపించింది. ఎర్ర తాడు. కింద నిలబడి చూస్తే పొదలు అడ్డం, ఏమీ తెలియదు. "ఆ ఎర్రది ఏంటో చూడండి" అని కిందకి దిగాను. ఆయన ఎక్కి చూశారు. సీజన్ వచ్చేసరికి ఈ ఆకులు కూడా ఉండవు కదా అన్నాను. పైనుంచి చాలాసేపు ఏం మాట్లాడలేదు.

మంచె తియ్యనన్నారు. నిచ్చెన ఉన్న వైపుకి, అంటే ఆయన స్థలం లోపలికి సీటు తిప్పుతానన్నారు, ఈ పొద్దున పానా పట్టుకుని ఆ పని మొదలుపెట్టారు కూడా. ఏ రెండు చెట్ల మధ్యలో మాత్రమే కాలుస్తారో వాటికి రిబ్బన్లు కట్టి నాకు చూపిస్తారట. ఆయన మంచె ఎక్కే రోజు మధ్యాహ్నమే మెసేజ్ పెడతారు, నేను ఉయ్యాలని ఇంటి వెనక్కి మారుస్తాను.

జింక మా వైపు వచ్చి పడితే ఏం చెయ్యాలన్నది ఇంకా తేలలేదు. ఫోన్ చేసి, తుపాకీ అక్కడే వదిలి రమ్మన్నాను. గాయపడ్డ జింక ఇంకా బతికి ఉంటే ఉత్త చేతులతో వచ్చి ఏం చెయ్యమంటారు అని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు. విల్లుబాణం గారూ, ఆ జర్మనీ ఒప్పందాల్లో దీనికేమైనా పద్ధతి ఉంటే రాయండి. ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.